రద్దీవాలా రాకముందే సందూఖ్ తెరవండి

హైదరాబాద్‌లో పాత ఉర్దూ కితాబులు ఎక్కడున్నాయని ఎవరైనా అడిగితే మన నోటికి రెండు పేర్లు వస్తాయి. ఒకటి అఫ్జల్‌గంజ్‌లోని ఆసఫియా లైబ్రరీ. 1891లో మొదలైంది, ఇప్పుడు స్టేట్ సెంట్రల్ లైబ్రరీ అంటున్నాం. రెండోది సాలార్‌జంగ్ మ్యూజియం. ఖల్మీ నుస్ఖాలు, అంటే చేత్తో రాసిన ప్రతులు, షాయర్ల దీవాన్లు, తారీఖులు, తిబ్బు కితాబులు అక్కడ ఉన్నాయి. అల్‌హందులిల్లాహ్, వాటికి బీరువాలున్నాయి, రిజిస్టర్లున్నాయి, చూసుకునే మనుషులున్నారు.

మరి మన ఇళ్లల్లో నిజంగా చదివినవి అవేనా? మన నానీ, దాదీ వంటింటి పని అయ్యాక, అందరూ పడుకున్నాక, లాంతరు కిందో బల్బు కిందో చదివింది ఖల్మీ నుస్ఖా కాదు. రిసాలా. ముఖచిత్రం మీద రంగుల తస్వీర్, లోపల అఫ్సానాలు, గజళ్లు, వంటలు, చిట్కాలు, ముఅమ్మా అనే పజిల్. మన భాయీజాన్లు స్కూల్ సంచిలో దాచుకున్నది కూడా అదే. పాతబస్తీలో ఒకప్పుడు రిసాలా దూరని గల్లీ ఉండేది కాదు. అయినా మన తారీఖు రాసేవాళ్లు దానిని తారీఖు కింద లెక్కపెట్టలేదు. రిసాలా అంటే చదివి పడేసేది, రద్దీకి వేసేది, అంతే.

ఇక్కడ నేను చెప్పదలచుకున్నది ఒకటే. నవాబుల తారీఖు నవాబుల కితాబుల్లో ఉంది. మన అమ్మీల తారీఖు ఈ రిసాలాల్లో ఉంది. నవాబుల కితాబులకు కాపలా ఉంది. అమ్మీల రిసాలాలకు ఇంట్లో సందూఖ్ తప్ప వేరే దిక్కు లేదు.

పేరు చెప్పని పాఠకురాళ్లు

ఈ కథ మెరిసే కాగితంతో మొదలు కాలేదు. సాదా కాగితంతో, అదీ ఆడవాళ్ల కోసం మొదలైంది. 19వ శతాబ్దం చివర్లోనే మన హైదరాబాద్ నుంచి మౌల్వీ ముహిబ్బె హుసేన్ 'ముఅల్లిమె నిస్వాన్' అనే రిసాలా నడిపాడు. పేరులోనే ఉంది, స్త్రీలకు గురువు అని. ఆడపిల్లల చదువు గురించి రాశాడు, కఠినమైన పర్దాను ప్రశ్నిస్తూ రాశాడు. ఆ కాలంలో అది చిన్న ధైర్యం కాదు. 1898లో లాహోర్ నుంచి ముహమ్మదీ బేగం, ఆమె భర్త ముంతాజ్ అలీ కలిసి 'తహ్‌జీబె నిస్వాన్' తెచ్చారు. ఒక ముస్లిం స్త్రీ ఎడిటర్ కుర్చీలో కూర్చున్న తొలి రోజులవి. 1904లో అలీగఢ్ నుంచి 'ఖాతూన్', 1908లో ఢిల్లీ నుంచి 'ఇస్మత్' వచ్చాయి.

ఈ రిసాలాల్లో రాసిన ఆడవాళ్ల పేర్లు చూడండి. చాలామందికి పేరే ఉండదు. ఫలానా వారి బింత్, అంటే కూతురు. ఫలానా వారి అహ్‌లియా, అంటే భార్య. ఖుర్రతుల్ ఐన్ హైదర్ పేరు మీరు విని ఉంటారు. ఆమె తల్లి నజర్ సజ్జాద్ పెళ్లికి ముందు 'బింతె నజ్‌రుల్ బాఖర్' అనే పేరుతోనే రాసేది. జాహిదా ఖాతూన్ షేర్వానీ అనే షాయరా పేరులోంచి మూడు హర్ఫులు మాత్రమే బయటపెట్టింది: జే, ఖే, షీన్. పేరు గైర్ మర్దుల చెవిన పడకూడదు, మాట మాత్రం పడాలి. ఆ దారి రిసాలాయే చూపించింది.

మన ఊరికి వస్తే 1919లో సుగ్రా హుమాయూన్ మీర్జా 'అన్నిసా' మొదలుపెట్టింది. హైదరాబాద్‌లో ఒక స్త్రీ తన పేరు ముందుపెట్టి నడిపిన రిసాలా అది. కథలు రాసింది, సఫర్‌నామాలు రాసింది. 1934లో ఆడపిల్లల కోసం మదర్సా సఫ్దరియా పెట్టింది. హుమాయూన్‌నగర్‌లో ఆ బడి పేరు ఇప్పటికీ తెలిసినవాళ్లు చాలామంది. కానీ ఆ బడికన్నా 15 ఏళ్ల ముందే ఆమె రిసాలా ద్వారా ఇంటింటికీ ఒక బడి పంపిందన్న సంగతి మన పిల్లలకు ఎవరు చెప్తున్నారు?

మెరుపు వచ్చిన రోజు

1939లో ఢిల్లీలో యూసుఫ్ దెహల్వీ 'షమా' మొదలుపెట్టాడు. సగం సినిమా, సగం అదబ్. 'ఫిల్మ్‌ఫేర్' 1952లో వచ్చింది కాబట్టి షమా దానికన్నా 13 ఏళ్లు పెద్దది. ముఖచిత్రం మీద మధుబాల, మీనాకుమారి, నర్గిస్. లోపల కృష్ణ చందర్, ఇస్మత్ చుగ్తాయీ, రాజిందర్ సింగ్ బేదీ లాంటివాళ్ల అఫ్సానాలు. సినిమా కోసం కొన్నవాడు అదబ్ చదివాడు, అదబ్ కోసం కొన్నవాడు సినిమా చూశాడు. ఈ రెండింటినీ ఒకే జిల్ద్‌లో కుట్టడమే షమా చేసిన కమాల్.

దీనికి తోడు షమా ముఅమ్మా. ఖాళీ గడులు నింపి పంపితే నగదు ఇనాం. పాతబస్తీలో ఎన్ని ఇళ్లల్లో ఆ గడుల చుట్టూ కుటుంబమంతా కూర్చుందో లెక్కలేదు. ఒక మాటకు రెండు జవాబులు సరిపోతాయి, ఏది రాయాలి? మామూ ఒకటంటాడు, ఖాలా ఇంకోటంటుంది. లుగత్, అంటే నిఘంటువు, తీస్తారు. ఇనాం ఎవరికి వచ్చినా రాకపోయినా ఉర్దూ మాత్రం ఆ ఇంటికి వచ్చింది. చౌథీ జమాత్‌తో చదువు ఆపేసిన ఆడవాళ్లకు ఎంత ఉర్దూ తెలుసో చూసి మనం ఆశ్చర్యపోతాం కదా, దాని రహస్యం సగం ఈ గడుల్లోనే ఉంది.

దెహల్వీ ఖాందానే స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో పిల్లల కోసం 'ఖిలోనా' తెచ్చింది. ఆ తర్వాత ఆడవాళ్ల కోసం 'బానో' తెచ్చింది. ఇంకోవైపు 'బీస్వీ సదీ'. దాన్ని 1937లో లాహోర్‌లో ఖుష్తర్ గిరామీ మొదలుపెట్టాడు, తక్సీం తర్వాత ఢిల్లీకి తీసుకొచ్చాడు. ఖుష్తర్ గిరామీ హిందువు. ఉర్దూ మన ఒక్కరిదే అనుకునేవాళ్లకూ, ఉర్దూ పరాయిది అనేవాళ్లకూ ఈ ఒక్క పేరు చాలు.

ఇప్పటి పిల్లలకు ఒక సంగతి చెప్పాలి. ఆ రిసాలాల్లో ఒక్క హర్ఫ్ కూడా మెషిన్ మీద కొట్టింది కాదు. అంతా కాతిబ్ చేత్తో రాసిందే. పసుపు పూత పూసిన కాగితం మీద జిడ్డు సియాహీతో, కలం ముక్కు కోసుకుంటూ, పేజీ వెంట పేజీ రాసేవాడు. ఆ రాతను రాతి పలక మీదికి తిప్పి అచ్చు తీసేవాళ్లు. ఆఫ్‌సెట్ వచ్చాక రాయి పోయింది గానీ కాతిబ్ ఉన్నాడు. నస్తాలీఖ్ లిపిలో హర్ఫులు ఒకదాని మీదికి ఒకటి జారుతాయి కాబట్టి టైపుకు లొంగలేదు. 1981లో నూరీ నస్తాలీఖ్ అనే కంప్యూటర్ ఖత్ వచ్చింది, 1990ల్లో ఇన్‌పేజ్ వచ్చింది, అప్పుడు కాతిబ్ కలం కిందపెట్టాడు. మన ఛత్తాబజార్‌లో షాదీ రుఖాలు అచ్చువేసే దుకాణాల్లో అడగండి, ఆ మార్పు కళ్లారా చూసినవాళ్లు ఇంకా దొరుకుతారు.

మెరుపు కూడా రిసాలా అంతటా ఉండేది కాదు. మెరిసే ఆర్ట్ పేపర్ ఖరీదైంది. అందుకే ముఖచిత్రం, నడుమ నాలుగైదు తస్వీర్ల పేజీలు మాత్రమే ఆ కాగితం. మిగతాదంతా మామూలు న్యూస్‌ప్రింట్. మన ఇళ్ల షాదీల్లాంటిదే ఇది కూడా. దీవాన్‌ఖానాలో జరీ దుప్పటి, లోపలి గదిలో పాత చాప.

తస్వీర్ పెట్టిన తకరార్

మెరిసే రిసాలా మన ఇళ్లల్లోకి సులువుగా రాలేదు. నమాజ్ చదివే గదిలో మనిషి తస్వీర్ ఎలా పెడతాం? చాలా ఇళ్లల్లో ముఖచిత్రం బోర్లా పెట్టేవాళ్లు, లేదా అఖ్బార్ కాగితంతో అట్ట వేసేవాళ్లు. కొందరు అబ్బాజాన్లు ఖిలోనాకు ఇజాజత్ ఇచ్చారు, షమాకు ఇవ్వలేదు. ఇజాజత్ లేని షమా పరుపు కిందికి పోయింది, బియ్యం డబ్బా వెనక్కి పోయింది. ఇలా దాచిపెట్టడం వల్లే కొన్ని రిసాలాలు నేటికీ మిగిలాయి. బయట బల్ల మీద ఉన్నవి నలిగి చిరిగి పోయాయి, దాచినవి బతికాయి.

కొనే స్తోమత లేనివాళ్లకు కిరాయి లైబ్రరీలు ఉండేవి. చిన్న దుకాణం, గోడ నిండా అల్మారీలు, రోజుకు ఇంత అని కిరాయి. ఎక్కువ తిరిగినవి ఇబ్నె సఫీ జాసూసీ నవలలు. 1952లో అలహాబాద్ నుంచి 'జాసూసీ దున్యా' మొదలైంది, అదే ఏడాది ఆయన కరాచీకి వెళ్లిపోయాడు. అయినా నెలనెలా ఇక్కడ ఆయన కొత్త నవల కోసం జనం ఎదురుచూశారు. సరిహద్దు రెండు దేశాల మధ్య పడింది గానీ ఫరీదీ, హమీద్‌ల మధ్య పడలేదు. పర్దాలో ఉన్న ఆడవాళ్లు దుకాణానికి పోలేరు కాబట్టి ఆ డ్యూటీ పిల్లలది. ఏది తేవాలో పేరు కంఠస్థం చేసుకుని పోవడం, చదివింది తిరిగి ఇచ్చి రావడం. ఒక్క ఫైసా ఆలస్యం రుసుం పడకూడదని వదిన, నణంద, అత్త ఒకే రాత్రిలో వంతులవారీగా చదివేవాళ్లు.

1970ల తర్వాత గల్ఫ్ మొదలైంది. సౌదీ, దుబాయ్, కువైట్ నుంచి వచ్చే సూట్‌కేసుల్లో అత్తరు, టేప్‌రికార్డర్, కంబళ్ల మధ్య కరాచీ రిసాలాలు కూడా వచ్చాయి. 'ఖవాతీన్ డైజెస్ట్', 'అఖ్బారె జహాఁ'. పాతబస్తీ ఆడవాళ్లకు అక్కడి సీరియల్ నవలలు తెలిశాయి. ఒక్కో భాగం చదివాక తర్వాతి భాగం కోసం ఇంకొకరు సెలవు మీద వచ్చేదాకా ఆగాలి. ఆ మధ్యలో కథ ఏమై ఉంటుందో వీళ్లే అల్లుకునేవాళ్లు. మా అమ్మీ, ఆమె సహేలీలు అలా ఒక నవలకు మూడు ముగింపులు తయారుచేశారు. అసలు ముగింపు వచ్చాక ముగ్గురికీ నచ్చలేదు.

హైదరాబాద్ సొంత రిసాలాలు ఇంత మెరిసేవి కావు గానీ తక్కువవి కావు. మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ 1931లో ఇదారే అదబియాతె ఉర్దూ పెట్టాడు, 1938 నుంచి దాని రిసాలా 'సబ్‌రస్' వచ్చింది. 1635లో గోల్కొండ దర్బారులో ముల్లా వజ్హీ రాసిన దక్నీ గద్యం పేరే దానికి పెట్టారు. 1955లో సులేమాన్ అరీబ్ 'సబా' తెచ్చాడు. 1968లో ముస్తఫా కమాల్ హాస్యం కోసమే 'షుగూఫా' పెట్టాడు.

అయితే మన ఊరి ఇళ్లను దేశమంతా చూసింది ఢిల్లీ రిసాలాల్లోనే. ఉస్మానియాలో చదివిన వాజిదా తబస్సుం హైదరాబాద్ నవాబుల దేవుడీల లోపలి సంగతులు, బాందీలుగా పెరిగిన ఆడపిల్లల కోపం, హైదరాబాదీ జబాన్‌లోనే రాసింది. ఆమె 'ఉత్‌రన్' కథ, అంటే ఒకరు విడిచిన బట్టలు, ఇప్పటికీ వాదాలు రేపుతుంది. ఇలాంటివి ఇంట్లోకి రావచ్చా అని అడిగినవాళ్లు ఉన్నారు. చదివి, ఇది మా దేవుడీ కథే అని నోరు నొక్కుకున్నవాళ్లూ ఉన్నారు. జీలానీ బానో అదే హైదరాబాద్ గురించి ఇంకో స్వరంతో రాసింది. 'ఐవానె గజల్' నవలలో ఆమె పాత హవేలీల పతనాన్ని, ఆడవాళ్ల బతుకును, తెలంగాణ రైతు పోరాటాన్ని ఒక్కచోట పెట్టింది. తహ్‌జీబె నిస్వాన్‌లో పేరు దాచుకున్న స్త్రీ నుంచి సొంత పేరుతో, సొంత జబాన్‌తో, సొంత గల్లీ గురించి రాసిన స్త్రీ దాకా, ఆ ప్రయాణం మొత్తం రిసాలా పేజీల మీదే నడిచింది.

తస్వీర్ కింద తెలుగు

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. నేను ఉర్దూ మీడియం. తెలుగు స్కూల్లో ఉన్నా అది పరీక్ష కోసమే. నాకు తెలుగు నిజంగా వచ్చింది గల్లీ చివర హజ్జామత్ దుకాణంలో. అక్కడ బెంచీ మీద 'సితార', పాత 'విజయచిత్ర' సంచికలు పడి ఉండేవి. విజయచిత్రను 1966లో మద్రాసు నుంచి చందమామ నాగిరెడ్డి గారు మొదలుపెట్టారు. సితార 1970ల్లో వచ్చింది. ఫోటోలో ఉన్నది చిరంజీవి అని ముందే తెలుసు. కింద నాలుగు అక్షరాలున్నాయి. అంటే ఇది 'చి', ఇది 'రం', ఇది 'జీ', ఇది 'వి'. పక్క పేజీలో విజయశాంతి. ఇందాకటి 'వి' ఇక్కడా ఉంది! ఏ ఉస్తాద్ చెప్పలేదు. తస్వీర్ చెప్పింది. ఆ తర్వాత చందమామ చేతికి వచ్చింది, ఆ తర్వాత కథలు, చివరికి తెలుగులో డిగ్రీ.

మా క్లాసులో పిల్లల నోట్‌బుక్కుల అట్టలు కూడా మెరిసేవి. 'సోవియట్ భూమి' పేజీలు. మందపాటి నున్నటి కాగితం, చవకగా దొరికేది. ట్రాక్టర్లు, మంచు, గులాబీ బుగ్గల పిల్లలు. లెక్కల పుస్తకం ఉర్దూ, దాని అట్ట తెలుగు, అందులో బొమ్మ రష్యాది. సోవియట్ దేశం కూలిపోయాక ఆ పత్రికా పోయింది, ఆ అట్టలూ పోయాయి.

ఇది యాదేఁ చెప్పుకోవడానికి మాత్రమే రాయడం లేదు. ఇప్పుడు మన పిల్లల పరిస్థితి దీనికి తిరగేసి ఉంది. తెలుగు, ఇంగ్లిష్ వస్తాయి. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, ఖురాన్ కోసం అరబీ హర్ఫులు కూడా నేర్చుకుంటారు. కానీ ఉర్దూ చదవలేరు. ట, డ, డ్డ లాంటి కొన్ని అదనపు హర్ఫులు, నస్తాలీఖ్ జారుడు, ఇవే అడ్డం. ఆ అడ్డం దాటించేది తస్వీర్. ఖిలోనాలో బొమ్మ కింద ఒక లైన్ ఉంటుంది. షమాలో హీరో ఫోటో కింద పేరు ఉంటుంది. దిలీప్ కుమార్ మొహం గుర్తుపట్టిన పిల్లవాడు 'దాల్', 'లామ్' గుర్తుపట్టడానికి ఎంతసేపు? నేను తెలుగులోకి ఏ దర్వాజాలోంచి వచ్చానో, మన పిల్లలు ఉర్దూలోకి అదే దర్వాజాలోంచి పోవచ్చు. ఆ దర్వాజా మన సందూఖ్‌లోనే ఉంది.

ఒక మనిషి శౌఖ్

ఖిలోనా 1980ల్లో ఆగిపోయింది. షమా 1999లో ఆరిపోయింది. టీవీ వచ్చింది, వీడియో వచ్చింది, ఉర్దూ మీడియం నుంచి పిల్లలు తగ్గారు, ప్రకటనలు తగ్గాయి. కొత్తది రాకపోతే పాతదాని విలువ పెరగాలి. మన దగ్గర తిరగబడింది. చదివేవాళ్లు లేరని పాతవి రద్దీకి పోయాయి. మన ఇళ్లల్లో ఒక మంచి ఆదత్ ఉంది. అల్లాహ్ పేరు, ఆయత్ ఉన్న కాగితాన్ని రద్దీకి వెయ్యం. విడిగా సంచిలో పెట్టి ముఖద్దస్ అవ్‌రాఖ్ డబ్బాలో వేస్తాం. ఆ అదబ్ దీనీ కాగితాన్ని కాపాడింది. సినిమా తస్వీర్ ఉన్న రిసాలాకు ఆ రక్షణ లేదు. అది నేరుగా తరాజులోకి పోయింది.

ఇలా తరాజులోకి పోయేవాటిని జమచేసినవాడు ఏ నవాబూ కాదు, ఏ యూనివర్సిటీ కాదు. అబ్దుస్ సమద్ ఖాన్ అనే హైదరాబాదీ. ఆయన సొంత శౌఖ్‌తో వేలకొద్దీ ఉర్దూ కితాబులు, రిసాలాలు పోగుచేసి ఉర్దూ రీసెర్చ్ సెంటర్ అని పేరు పెట్టాడు. పెద్ద లైబ్రరీలు పట్టించుకోని జాసూసీ నవలలు, ఆడవాళ్ల రిసాలాలు, పిల్లల రిసాలాలు ఆయన దగ్గర చోటు సంపాదించాయి. 1990ల్లో షికాగో యూనివర్సిటీతో పాటు అమెరికాలోని కొన్ని యూనివర్సిటీల లైబ్రరీలు కలిసి ఈ ఖజానాను కాపాడటానికి ముందుకొచ్చాయి. దాన్ని దేశం దాటించకుండా బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో పెట్టారు. ఆలోచించండి. ఒక ముస్లిం శౌఖీను పోగుచేసిన ఉర్దూ రిసాలాలు, అమెరికా లైబ్రరీల సాయంతో, ఒక తెలుగు కమ్యూనిస్టు నాయకుడి పేరున్న గ్రంథాలయంలో నిలిచాయి. వాటిని తమవి అనుకోవాల్సిన మనం మాత్రం ఆ సమయంలో రద్దీవాలాతో కిలోకు రూపాయి ఎక్కువ కోసం బేరమాడుతున్నాం.

2000 ఆగస్టులో హైదరాబాద్‌ను వాన ముంచేసింది. సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీళ్లు వచ్చి ఈ సేకరణ కూడా దెబ్బతింది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు ఈ ఊరు ఇళ్లతో పాటు ఇళ్లల్లోని కాగితాలనూ పోగొట్టుకుంది. 2020 అక్టోబర్‌లో హఫీజ్‌బాబానగర్, అల్ జుబైల్ కాలనీ, ఫలక్‌నుమా వైపు మళ్లీ నీళ్లు వచ్చాయి. మా బంధువుల ఇంట్లో మంచం కింద సందూఖ్‌లో ఉన్న షమాలు నాలుగు రోజులు తడిశాయి. ఎండలో పెట్టారు. ఎండాక చూస్తే ప్రతి రిసాలా ఇటుక అయిపోయింది. ఒక్క పేజీ విడిపోలేదు.

దానికి కారణం ఆ మెరుపే. ఆర్ట్ పేపర్ మీద తెల్లమట్టి లాంటి పూత ఉంటుంది, నునుపు దానివల్లే. తడిస్తే ఆ పూత జిగురవుతుంది. తడి మీద ఉన్నప్పుడు పేజీలు విడదీయవచ్చు గానీ, అంటుకుని ఎండిపోయాక ఎవరి తరమూ కాదు. సాదా న్యూస్‌ప్రింట్ తడిస్తే ముడతలు పడి అయినా మిగులుతుంది. మెరిసేది మిగలదు.

కాపాడుకునే తరీఖా

అందుకని కొన్ని పనులు చెప్తాను. ఖర్చు లేనివే.

ముందు సందూఖ్‌ను నేల మీది నుంచి పైకి ఎత్తండి. అటక మీదైతే పైకప్పు కారకుండా చూడండి. రిసాలాల్లో ఉన్న ఇనుప పిన్నులు తుప్పు పట్టి ఉంటే మెల్లగా తీసేసి, నూలు దారంతో కట్టండి. చిరిగినచోట సెల్లోటేప్ వెయ్యకండి, పదేళ్లలో అది గోధుమరంగు మరకై కాగితాన్ని తినేస్తుంది. లామినేషన్ అసలే వద్దు. ఎప్పుడైనా తడిస్తే, వెంటనే పేజీల మధ్య సాదా కాగితం పెట్టండి. అన్నీ ఒకేసారి చూసుకోలేకపోతే ఒక్కొక్కటి ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. గడ్డకట్టినంతకాలం పేజీలు అంటుకోవు, బూజు పట్టదు. తర్వాత ఒక్కొక్కటి తీసి తీరిగ్గా విడదీసుకోవచ్చు.

ఆ తర్వాత జాబితా రాయండి. రిసాలా పేరు, నెల, సంవత్సరం, అంతే. రేఖ్తా లాంటి సంస్థలు 2013 నుంచి వేల ఉర్దూ కితాబులు, రిసాలాలు స్కాన్ చేసి అందరికీ ఉచితంగా పెట్టాయి. వాళ్ల దగ్గర లేని షుమారా మీ ఇంట్లో ఉండవచ్చు. ఫోన్‌తో ఫోటోలు తీసేటప్పుడు కథలే కాదు, ప్రకటనలు, ఖత్‌ల పేజీ కూడా తీయండి. సుర్మా ప్రకటన, కుట్టుమిషన్ ప్రకటన, జరూరతె రిష్తా కాలమ్. ఆ కాలం ఇల్లు ఎలా నడిచిందో అఫ్సానా కన్నా అవే బాగా చెప్తాయి.

అన్నిటికన్నా ముఖ్యం హాషియా, అంటే పేజీ అంచు. అక్కడ మన ఆడవాళ్ల సొంత రాత ఉంటుంది. మా అమ్మీ పెట్టెలోని ఒక రిసాలాలో ముఅమ్మా సగమే నిండి ఉంది. పక్కన ధోబీ లెక్క, కింద ఖుబానీ కా మీఠాకు ఎంత చక్కెరో, ఆ కింద ఒక తారీఖు, ఒక బిడ్డ పేరు. ఆ బిడ్డ బతకలేదని తర్వాత తెలిసింది. ఆ పేరు ఇంకే రిజిస్టర్‌లోనూ లేదు. పురపాలక సంఘంలో లేదు, ఖబ్రస్తాన్‌లో రాయి లేదు. ఒక పాత రిసాలా అంచున మాత్రం ఉంది. అది కిలోల లెక్కన పోయి ఉంటే ఆ బిడ్డ మా ఖాందాన్ తారీఖులోనే లేనట్టు.

ఆ రాతలు చదివి చెప్పగలిగినవాళ్లు మన ఇళ్లల్లో ఇంకా కొందరున్నారు. 70 దాటినవాళ్లు, 80 దాటినవాళ్లు. వాళ్ల కళ్లజోడు తుడిచి ఇవ్వండి. పక్కన తెలుగు చదివే మనవరాలిని కూర్చోబెట్టండి. ఒక ఖిలోనా తెరవండి. బొమ్మ పిల్ల చూస్తుంది, హర్ఫ్ నానీ చూపిస్తుంది. ఇది ఎవరు కొన్నారు, ఎవరు దాచారు, ఎవరెవరు చదివారు అని పిల్లతోనే అడిగించండి. నానీ చెప్పింది ఒక చీటీ మీద రాసి ఆ షుమారాలోనే పెట్టండి. మెరిసే కాగితం మీద పెన్సిల్ పడదు కాబట్టి విడి చీటీయే మంచిది. తెలుగులో రాసినా ఫర్వాలేదు.